“నిజాం గారి కారు” అని చెప్పి అమ్మే పాత ఓపెన్ టాప్ బ్యూక్‌ను నమ్మొచ్చా?

మీ ప్రశ్న చదవగానే మా పెదనాన్న గుర్తొచ్చారు. 1947 మోడల్ బ్యూక్ సూపర్ కన్వర్టిబుల్ (టాపు మడిచే అమెరికన్ కారు) బంజారాహిల్స్‌లో అమ్మకానికి ఉంది, మొత్తం రిస్టోర్ చేశారు, నిజాం కుటుంబం వాడిన బండి అంటున్నారు, ఆ చరిత్ర నిజమో కాదో ఎలా తెలుస్తుంది అని మీరు అడిగారు. అదే మోడల్ మా ఇంట్లో ఉంది. దాని గురించి మా పెదనాన్న కూడా ముప్పై ఏళ్ళు అదే మాట చెప్పారు. అది ఉత్త మాటేనని తేల్చుకోవడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది.

మన ఊళ్ళో ఏ పాత కారు బానెట్ ఎత్తినా ముందు వినిపించేది నిజాం పేరే. నిజంగా నిజాం కారు చూడాలంటే చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్ళండి. పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంటుంది, 1912 నాటిది. ఆర్డర్ ఇచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. 1911లోనే పోయారు పాపం, బండి చూసుకోలేదు. అలాంటి వాటికి అడుగడుగునా రికార్డు ఉంటుంది. మీకు అమ్మే ఆయన దగ్గర ఉన్నది రికార్డా, కథా అన్నదే అసలు సంగతి.

మా బండిని పెదనాన్న 1986లో ఒకాయన దగ్గర బాకీ కింద తీసుకున్నారు. అప్పటికి దానికి టాపు లేదు. మలక్‌పేటలో చింతచెట్టు కింద రేకుల షెడ్డులో పడి ఉండేది, పిల్లలం అందులో కూర్చుని స్టీరింగ్ తిప్పేవాళ్ళం. ఎవరొచ్చినా పెదనాన్న “నిజాం గారి చిన్నబ్బాయి తన దోస్తుకి బహుమతిగా ఇచ్చిన బండి” అనేవారు. ఒక్క కాగితమూ చూపించేవారు కాదు.

కాగితాల దగ్గరికి వస్తే, మా సి-బుక్ (రిజిస్ట్రేషన్ పుస్తకం) అసలుది కాదు, 1962లో తీసిన డూప్లికేట్. అందులో ట్రాన్స్‌ఫర్లు మూడే కనిపిస్తాయి. మొదటి ఓనర్ పేరు లేదు. మీరూ ముందుగా ఇది చూడండి: సి-బుక్ డూప్లికేట్ అయితే అమ్మేవాళ్ళు “నలుగురే ఓనర్లు” అన్నా ఆ మాటకు ఆధారం లేదు, డూప్లికేట్ తీయకముందు ఎంతమంది ఉన్నారో ఎవరికి తెలుసు?

మాకు దారి చూపించింది బాకీ పడ్డాయన కొడుకు. పాతబస్తీలో ఉంటారు. వాళ్ళ నాన్న ఆ కారును పెళ్ళి బరాత్‌లకు అద్దెకి తిప్పేవారు. ఆయన ఒక రేకు డబ్బా తెచ్చి ముందు పెట్టారు. అందులో ఉర్దూలో ఒక రసీదు. తేదీ ఫసలీ (నిజాం సర్కారు వాడిన సంవత్సరాల లెక్క) 1357. హైదరాబాద్ ఫసలీకి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది, ఏడాది అక్టోబరులో మొదలవుతుంది. అంటే 1947 చివరో 1948లోనో కొన్నారన్నమాట. ధర హాలి సిక్కాలో, అంటే నిజాం సొంత రూపాయల్లో రాసి ఉంది, కల్దార్ అనే బ్రిటిష్ ఇండియా రూపాయల్లో కాదు. ఏడు హాలి రూపాయలు ఇస్తే ఆరు కల్దార్ వచ్చే రోజులవి. ఆ లెక్క వేసుకోకుండా “అప్పట్లో ఇన్ని వేలు పెట్టి కొన్నారు” అని చెప్పేవాళ్ళను చూశాను.

రసీదు మీది పేరు మెదక్ వైపు ఒక చిన్న జాగీర్దారుది. రాజవంశానికీ ఆయనకూ చుట్టరికం ఏమీ లేదు. 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్, 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు. 1951లో ఆ కుటుంబం కారును గుంటూరు పొగాకు వ్యాపారికి అమ్మేసింది. తేదీలు పక్కపక్కన పెట్టుకుంటే ఎందుకు అమ్మారో వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ తర్వాత బరాత్ బండి, ఆ తర్వాత మా షెడ్డు. ఈ సంగతి పెదనాన్నకి చెబితే ఆయన అన్న మాట: “నిజాం ఇచ్చాడంటే నీ సొమ్మేం పోయిందిరా?”

కాగితం కంటే బండే ఎక్కువ చెబుతుంది. రంగు గీకిస్తే పైన తెలుపు, దాని కింద ఎరుపు, దాని కింద లేత నీలం, అన్నిటికీ అడుగున ముదురు ఆకుపచ్చ. ఎరుపు బరాత్‌లదని ఫొటోలో తేలింది. ఆకుపచ్చ ఫ్యాక్టరీదని ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ సీట్లకీ మధ్య ఉండే రేకు గోడ) మీది ఫిషర్ బాడీ ప్లేట్‌లో ఉన్న పెయింట్ కోడ్ చెప్పింది. ఫిషర్ అంటే బాడీ కట్టిన కంపెనీ. ఆ చిన్న రేకు మీద స్టయిల్ నంబర్ (బాడీ రకం), ట్రిమ్ కోడ్ (లోపలి సీటు గుడ్డ రకం) కూడా ఉంటాయి. కన్వర్టిబుల్‌గా పుట్టిందా, తర్వాత ఎవరైనా సెడాన్ టాపు కోసేశారా అన్నది ఆ స్టయిల్ నంబర్ పట్టిస్తుంది. రిస్టోర్ చేసినవాళ్ళు దాని మీద కూడా పెయింట్ కొట్టేసి ఉంటే నాకైతే అనుమానమే.

మా బండికి ముందు ఫెండర్ల మీద చెరో మూడు గుండ్రటి రంధ్రాలు ఉండేవి. బ్యూక్ అంటే ఆ రంధ్రాలే కదా అని నేనూ మురిసిపోయాను. తీరా చూస్తే అవి 1949 మోడల్‌తో వచ్చాయి! బరాత్ రోజుల్లో ఎవరో మిస్త్రీ “బ్యూక్‌లా కనబడాలి” అని డ్రిల్ చేశాడట. లప్పంతో కాకుండా రేకు వెల్డింగ్ చేయించి మూయించాను. మీ బండి 1947దే అయి రంధ్రాలుంటే అడగండి. ఆటోమేటిక్ గేర్లున్నా అడగండి. 1947లో స్టీరింగ్ పక్కన లివర్‌తో మూడు గేర్ల మాన్యువలే, డైనాఫ్లో అనే బ్యూక్ ఆటోమేటిక్ 1948లో రోడ్‌మాస్టర్ అనే పెద్ద మోడల్‌కి వచ్చింది, సూపర్‌కి ఆ మరుసటి ఏడాది.

టాపు సంగతి వేరే చెప్పాలి. ఈ బండ్లలో టాపు, కిటికీ అద్దాలు, ముందు సీటు అన్నీ ఒకే హైడ్రాలిక్ పంపు మీద నడుస్తాయి. అందులో పోసేది బ్రేక్ ఫ్లూయిడ్. లీకైతే సీటు గుడ్డా పోతుంది, పెయింటూ పోతుంది. మా ఎడమ తలుపు లోపలి రేకు అలా తినేసింది. చాలామంది పంపు పీకేసి టాపును చేత్తో మడుస్తారు. అది తప్పు కాదు కానీ “పూర్తిగా రిస్టోర్ చేశాం” అన్న మాట చెల్లదు. అమ్మే ఆయన ముందు టాపు మూడుసార్లు దించి ఎత్తించండి. మొదటిసారి అందరికీ పనిచేస్తుంది.

ఇంజిన్ దగ్గర నేను సిగ్గుపడాలి. అసలుది 248 క్యూబిక్ అంగుళాల స్ట్రెయిట్ ఎయిట్, అంటే నాలుగు లీటర్ల పైన, ఎనిమిది సిలిండర్లు ఒకే వరసలో. అద్దెకి తిప్పేవాళ్ళు పెట్రోల్ భరించలేక అది తీసి పెర్కిన్స్ డీజిల్ బిగించారు. నేను పాత సెడాన్ నుంచి అదే రకం ఇంజిన్ తెచ్చి పెట్టించాను. కాబట్టి మా బండిలో ఉన్న ఇంజిన్ నంబరు ఫ్యాక్టరీలో బిగించిన ఇంజిన్ నంబరుతో కలవదు, ఎవరైనా అడిగితే అదే చెబుతాను. ఎంత ఖర్చయిందో మాత్రం ఇంట్లోనూ చెప్పలేదు, ఇక్కడా రాయను.

కొనేముందు ఇంకొక్కటి. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటి, చాసీ, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు లేని బండినే వింటేజ్‌గా రిజిస్టర్ చేస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, అది పదేళ్ళు చెల్లుతుంది, రెన్యువల్‌కి 5,000. పాత నంబరు ఉన్న బండి దాన్నే ఉంచుకోవచ్చు, కొత్తగా తీసుకుంటే నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. ర్యాలీకో ప్రదర్శనకో తప్ప రోజూ ఆఫీసుకి తీసుకెళ్ళడానికి కుదరదు. ఇంజిన్ మార్చిన బండి అయితే ఈ రిజిస్ట్రేషన్ దగ్గరే టెన్షన్ మొదలవుతుంది, అందుకే సి-బుక్‌లో ఉన్న ఇంజిన్ నంబరూ బ్లాక్ మీద ఉన్నదీ మీరే టార్చ్ వేసి కలిపి చూసుకోండి.

నిజాం కథకి ఆయన ఎంత కలిపి అడుగుతున్నారో నాకు తెలియదు. ఆ కలిపింది తీసేసి బేరం మొదలుపెట్టండి. ఫైర్‌వాల్ ప్లేట్, సి-బుక్ మొదటి పేజీ ఫొటోలు పెడితే (పేర్లు కనబడకుండా) చూసి చెబుతాను.