హార్బిన్ చలికాలంలో మీ తమ్ముడు ఏం తింటాడు, ఎలా తిరుగుతాడు

మీ తమ్ముడు మెడిసిన్ చదవడానికి చైనా ఈశాన్యంలో ఉన్న హార్బిన్ వెళ్తున్నాడు, మైనస్ 25 డిగ్రీల చలిలో ఎలా ఉంటాడో, తిండికి ఏం చేస్తాడో అని టెన్షన్ పడుతున్నారు కదా. నేను అక్కడ ఐదు చలికాలాలు ఉన్నాను. ముందు తిండి సంగతే చెప్తాను, ఎందుకంటే మా బ్యాచ్‌లో చలికి ఇబ్బంది పడ్డవాళ్ళకంటే సరిగ్గా తినక నీరసపడిపోయినవాళ్ళే ఎక్కువ.

మొదటి ఏడాది నేను ఇంటినుంచి తీసుకెళ్ళిన పచ్చళ్ళు, పొడులతోనే నెట్టుకొచ్చాను. డిసెంబర్‌కల్లా సీసాలు ఖాళీ. ఒకరోజు క్యాంటీన్‌లో వడ్డించే ఆయీ (అమ్మ వయసు ఆడవాళ్ళని అక్కడ అలాగే పిలుస్తారు, మనం పిన్ని అన్నట్టు) నా ప్లేట్లో వట్టి అన్నం, గుడ్డు చూసి, నేను అడక్కుండానే పెద్ద గరిటెడు కూర వేసింది. దాని పేరు దీ సాన్ షియెన్. వంకాయ, బంగాళాదుంప, క్యాప్సికం విడివిడిగా నూనెలో వేయించి, చివర్లో వెల్లుల్లి, సోయా సాస్ వేసి కలుపుతారు. వంకాయ కూర తిని పెరిగినవాడికి అంతకన్నా ఏం కావాలి? ఆ రోజునుంచి వారానికి నాలుగుసార్లు అదే తిన్నాను. అక్కడి అన్నం కూడా బాగుంటుంది, పక్కనే ఉన్న వుచాంగ్ బియ్యం చైనా అంతటా పేరున్నది, కాకపోతే గింజ పొట్టి, కాస్త జిగురు, మన సోనా మసూరిలా పొడిపొడిగా రాదు.

ఇక సువాన్ త్సాయ్, అంటే పులియబెట్టిన క్యాబేజీ. చలికాలం మొదలయ్యే ముందు ఊరంతా పొడుగు క్యాబేజీ గుట్టలే, మెట్ల దగ్గర, బాల్కనీల్లో, ఎక్కడ చూసినా ఉల్లికాడల కట్టలు, క్యాబేజీలే. వాటిని పెద్ద జాడీలో వరసగా పేర్చి, ఉప్పు వేసి, నీళ్ళు పోసి, పైన బరువైన రాయి పెట్టి ఓ నెల వదిలేస్తారు. ఆర్నెల్లు నేల గడ్డకట్టే చోట పచ్చని ఆకు దొరకని రోజుల్లో పుట్టిన పద్ధతి ఇది, ఇప్పుడు సూపర్ మార్కెట్లో అన్ని కూరగాయలూ దొరుకుతున్నా చాలామంది మానలేదు. మనం ఎండల్లో ఆవకాయ పెట్టుకుంటే వాళ్ళు చలికి ముందు ఇది పెట్టుకుంటారు, ఇందులో కారం, నూనె ఉండవు, పులుపొక్కటే. తరవాణి తాగిన ఇంట్లో పెరిగినవాళ్ళకి ఆ పులుపు కొత్త కాదు. సన్నగా తరిగి, పంది మాంసం, బంగాళాదుంప పిండితో చేసే మందపాటి సేమ్యాతో చాలాసేపు ఉడికిస్తారు. బయటినుంచి చేతులు కొయ్యబారిపోయి వచ్చినప్పుడు ఆ వేడి వేడి గిన్నె ముందు కూర్చుంటే ప్రాణం లేచొస్తుంది. శాకాహారి అయితే 'బు యావ్ రో', అంటే మాంసం వద్దు అని ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పమనండి, లేకపోతే కూరగాయల్లో కూడా మాంసం ముక్కలు వస్తాయి.

మాంసం తినేవాడైతే గువో బావ్ రో తప్పకుండా తినాలి. పల్చటి పంది మాంసం ముక్కల్ని బంగాళాదుంప పిండిలో ముంచి కరకరలాడేలా వేయించి, పంచదార, వెనిగర్ పాకంలో వేస్తారు. రష్యన్ అతిథుల కోసం ఉప్పు వంటకాన్ని ఇలా తీపి పులుపుగా మార్చారని అక్కడివాళ్ళు గర్వంగా చెప్తారు. రష్యావాళ్ళు రైలు మార్గం వేసినప్పుడు పెరిగిన ఊరు కదా, పెద్ద గుండ్రటి రొట్టె, పొగబెట్టిన సాసేజ్ కూడా వాళ్ళ దగ్గరనుంచి వచ్చినవే.

చలి గురించి మీరు అనుకుంటున్నంత భయం అక్కర్లేదు. అక్టోబర్ 20నుంచి ఏప్రిల్ 20దాకా ఊరంతటికీ హీటింగ్ ఇస్తారు, గదిలో టీషర్ట్‌తో కూర్చోవచ్చు. అసలు బాధ గాలి పొడిబారడం. నాకు మొదటి నెలలో రెండుసార్లు ముక్కునుంచి రక్తం వచ్చింది, రాత్రి తడి టవల్ రేడియేటర్ మీద ఆరేయడం మొదలుపెట్టాక తగ్గింది. డిసెంబర్‌లో నాలుగు కాకముందే పొద్దుగూకుతుంది, దానికి మనసు అలవాటు పడటానికి చలికంటే ఎక్కువ టైమ్ పట్టింది నాకు. అందుకే మధ్యాహ్నం ఎండ ఉండగా కాసేపు బయట తిరగమనండి.

ఫోన్ మాత్రం లోపలి జేబులో, ఒంటికి ఆనుకుని ఉండాలి. ఒకసారి బస్టాప్‌లో చార్జింగ్ సగం ఉండగానే నా ఫోన్ ఆగిపోయింది, అక్కడ దాదాపు అందరూ డబ్బులు ఫోన్‌తోనే కడతారు, జేబులో ఒక్క నోటు లేదు, మైనస్ 24లో నలభై నిమిషాలు నడిచి హాస్టల్ చేరాను. అప్పటినుంచి వంద యువాన్లు కాగితంగా దగ్గర పెట్టుకున్నాను.

జాకెట్, బూట్లు మన దగ్గర కొనకండి. ఆ చలికి సరిపడేవి అక్కడే దొరుకుతాయి, సెప్టెంబర్‌లోనే కొనుక్కోమనండి. తడి జుట్టుతో బయటికి వెళ్ళొద్దనండి, నిమిషాల్లో గడ్డకడుతుంది.

జనవరిలో రోడ్డు పక్కన నల్లగా గడ్డకట్టిన బేరిపళ్ళు అమ్ముతారు, వాటినీ వదలొద్దనండి. చన్నీళ్ళలో వేస్తే పండు మీద మంచు పెంకు కడుతుంది, అది పగలగొట్టి, మెత్తబడ్డ పండుకి చిన్న చిల్లు చేసి రసం పీల్చాలి. తాటి ముంజె తిన్నప్పుడు కలిగే చల్లదనం గుర్తొచ్చింది నాకు.

ఇక్కడినుంచి పంపాల్సింది ఒక్కటే, కారం. ఆ ఊరి వంటల్లో కారం చాలా తక్కువ, మంచి గుంటూరు కారం ఓ కేజీ గట్టిగా ప్యాక్ చేసి ఇవ్వండి, దీ సాన్ షియెన్ మీద చల్లుకుంటాడు.