72 గంటలు ఆగు, సౌమ్యా

అమ్మా సౌమ్యా,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెప్పింది సగమే. మిగతాది రాసి పంపుతున్నాను, డ్యూటీలో కాస్త తీరిక దొరికినప్పుడు చదువుకో.

మీ పేషెంటు, ఆ 52 ఏళ్ల ఆయనకి మంగళవారం సాయంత్రం గుండె ఆగింది. సీపీఆర్ చేస్తే మళ్లీ కొట్టుకుంది కానీ బుధవారం రాత్రికి కూడా కళ్లు తెరవలేదు. కొడుకేమో "మా నాన్నకి తెలివొస్తుందా రాదా, ఒక్క మాట చెప్పండి మేడమ్" అని నీ వెంటే తిరుగుతున్నాడు. "ఇక లాభం లేదని చెప్పెయ్" అని మీ సీనియర్ ఒకరు అన్నారన్నావు. చెప్పకు తల్లీ. అలాగని, ఏం ఫర్వాలేదు లేచి కూర్చుంటారనీ చెప్పకు. ఆ అబ్బాయికి ఇవాళ నువ్వు చెప్పగల నిజం ఒక్కటే: తేల్చి చెప్పే సమయం ఇంకా రాలేదు, ఫలానా రోజు చూసి చెబుతాం అని.

గుండె ఆగిన పది పదిహేను సెకన్లకే స్పృహ పోతుంది. నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు కణాలు దెబ్బతినడం మొదలవుతుంది. జ్ఞాపకాలకి ఆధారమైన హిప్పోకాంపస్ అందరికంటే ముందు దెబ్బ తినేవాటిలో ఒకటి. ఇదంతా నువ్వు చదువుకున్నదే. పుస్తకంలో అంతగా మనసుకెక్కనిది ఇంకోటుంది: చచ్చిపోయిన కణమూ, దెబ్బకి మూర్ఛపోయి పడున్న కణమూ మొదటి రెండు రోజుల్లో మన కంటికి ఒకేలా కనిపిస్తాయి. పైగా మనం ఇచ్చిన మత్తు ఆ రెండింటినీ కప్పేస్తుంది.

ఇది నేను ఒక తప్పు చేసి నేర్చుకున్నాను. ఎండీ అయిన కొత్తలో, ఒక టీచరమ్మ. రెండో రోజు పొద్దున రౌండ్స్‌లో గోరు మీద నొక్కితే చెయ్యి కదల్లేదు. బయటికొచ్చి ఆవిడ భర్తతో "ఇంటికి తీసుకెళ్లడమే మంచిదండీ" అనేశాను. ఆయన నోట మాట రాలేదు, తలూపి బండి మాట్లాడటానికి వెళ్లాడు. అప్పుడు మంచం పక్కనున్న సిస్టర్ చార్ట్ నా వైపు తిప్పి, "సార్, మిడజోలం రాత్రి రెండింటి దాకా నడిచిందండి. క్రియాటినిన్ నాలుగుంది" అంది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. మత్తు మందు ఆపి కొన్ని గంటలే అయిందనీ, క్రియాటినిన్ అంత పెరిగిందంటే కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతున్నాయనీ అర్థం. నేను మెట్ల మీద పరుగెత్తి ఆయన్ని ఆపాను. ఐదో రోజు ఆవిడ కళ్లు తెరిచింది. ఆరో రోజు భర్త పిలిస్తే తల తిప్పింది.

అంతకు ముందు నా మాట విని తీసుకెళ్లిపోయిన వాళ్లు ఎవరెవరో, వాళ్లలో ఇలాంటి వాళ్లు ఎందరో ఇప్పుడు తెలుసుకునే దారి లేదు. ఈ పనిలో అసలు ప్రమాదం అదే. లాభం లేదంటాం, వెంటిలేటర్ తీస్తాం, మనిషి పోతాడు. చూశావా, నేను చెప్పినట్టే అయింది అనుకుంటాం. మన తప్పు మనకెప్పటికీ తెలియదు.

అందుకే పరీక్ష కంటే ముందు చార్ట్ చూడు. మత్తు మందు ఎప్పుడు ఆపారు, కిడ్నీ, లివర్ ఎలా ఉన్నాయి, కండరాలు సడలే మందు ఇంకా ఒంట్లో ఉందా, సోడియం, షుగర్, బీపీ, ఒంటి వేడి సరిగ్గా ఉన్నాయా. మీ పేషెంటుకి క్రియాటినిన్ పెరుగుతోందన్నావు కాబట్టి గుండె ఆగాక మామూలుగా ఆగే 72 గంటలు నిండినా చాలవు, మత్తు దిగేదాకా ఇంకాస్త ఆగాలి. జ్వరం మాత్రం అస్సలు రానివ్వకు.

పరీక్ష చేసేటప్పుడు తొందరపడకు. గదిలో లైట్లు తగ్గించి, మంచి టార్చ్ తెచ్చుకో, ఫోన్ లైటుతో చూడకు. శుక్లాల ఆపరేషన్ అయిందేమో ఇంట్లోవాళ్లని అడుగు. అయితే కంటిపాప కదలకపోవడానికి అది కూడా కారణం కావచ్చు. కంటి ముందుండే పారదర్శక పొర, కార్నియాని తాకితే రెప్ప పడుతుందా అని చూడటానికి దూదిని సన్నటి వత్తిలా పేని తాకించు, రెండు కళ్లకీ. తర్వాత గోరు మీదా, కనుబొమ కింద ఎముక మీదా గట్టిగా నొక్కి చూడు. చెయ్యి వెనక్కి లాక్కుంటే అది చాలా మంచి కబురు. ముడుచుకుని ఛాతీ మీదికి బిగుసుకుంటే, నిటారుగా చాచితే, అసలు కదలకపోతే, అంటే కదలికని ఒకటి నుంచి ఆరు దాకా కొలిచే మోటార్ స్కోరు 3 లేక అంతకు తక్కువైతే, అప్పుడే మిగతా పరీక్షల వైపు వెళ్లాలి.

ఏ ఒక్క పరీక్షనీ నమ్ముకోకు. యూరప్ నిపుణులు 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉన్నదీ అదే: 72 గంటల తర్వాత కూడా ఆ స్థితే ఉంటే, చెడు సూచనలు కనీసం రెండైనా కలిసొస్తేనే కోలుకోవడం కష్టమని చెప్పాలి. రెండు కళ్లలోనూ కంటిపాప, కార్నియా రెండూ స్పందించకపోవడం ఒకటి. మణికట్టు దగ్గర నరాన్ని ప్రేరేపిస్తే మెదడులో రావాల్సిన ఎన్20 తరంగం రెండు వైపులా రాకపోవడం ఇంకోటి. మెదడు విద్యుత్ తరంగాలని చూపే ఈఈజీ దాదాపు చదునుగా అయిపోవడం, సీటీలోనో ఎంఆర్ఐలోనో మెదడంతా దెబ్బ కనిపించడం, దెబ్బతిన్న మెదడు కణాల నుంచి రక్తంలోకి వచ్చే ఎన్ఎస్ఈ అనే ప్రోటీన్ 48 లేదా 72 గంటలప్పుడు 60 దాటడం కూడా లెక్కలోకి వస్తాయి. ఎన్ఎస్ఈ ఎర్ర రక్తకణాల్లోనూ ఉంటుంది, శాంపిల్‌లో కణాలు పగిలితే అంకె ఊరికే పెరుగుతుంది, అది గుర్తుంచుకో. మీ దగ్గర ఎన్20 చూసే మిషన్ లేదన్నావు. ఫర్వాలేదు, ఉన్నవాటితోనే చూడు. సూచనలు ఒకదానికొకటి పొసగకపోతే తేలలేదనే రాసి ఇంకొన్ని రోజులు చూడు.

ఒంట్లో కుదుపుల గురించి అడిగావు. మొదటి రోజుల్లో ఆగకుండా ఒళ్లంతా వచ్చే కుదుపులు, అంటే మయోక్లోనస్, మంచి సూచన కాదు, కానీ ఈఈజీ తీయకుండా దాన్ని బట్టి తీర్పు ఇవ్వకు. లాన్స్, ఆడమ్స్ అనే ఇద్దరు డాక్టర్లు 1963లో రాసిన రకం వేరే ఉంది: మనిషికి తెలివుంటుంది, చెయ్యి చాపబోతే కుదుపులొస్తాయి. వాళ్లు కోలుకోగలరు. రెంటినీ ఒకే గాటన కట్టిన కేస్ షీట్లు నేను చాలా చూశాను.

ఇక ఇంట్లోవాళ్ల విషయం. "నా చెయ్యి నొక్కాడు డాక్టర్" అని ఆయన భార్య అంటే కొట్టిపారేయకు. ఆవిడతో పాటు వెళ్లి ఆవిడ ముందే చూడు. అది కేవలం రిఫ్లెక్స్ అయితే అరచేతిలో ఏది పెట్టినా పట్టుకుంటుందని నెమ్మదిగా చూపించు. ఒక్కోసారి ఆవిడే కరెక్టు అవుతుంది. రోజూ ఒకే టైముకి, నువ్వే, కూర్చుని మాట్లాడు. కారిడార్లో నడుస్తూ చెప్పకు. "బ్రెయిన్ డెడ్" అనే మాట నోటి చివరికి కూడా రానివ్వకు. అది వేరే సంగతి, దానికి 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్లు, ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షలు ఉండాలి. కోమాలో ఉన్న మనిషిని ఆ మాట అంటే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఆలోచించు.

ఖర్చు గురించి కూడా దాచకు. ఆ అబ్బాయి పొలం కాగితాలు పట్టుకుని తిరుగుతున్నాడన్నావు. ఇంకో మూడు నాలుగు రోజులకి ఎంతవుతుందో బిల్లింగ్ వాళ్లని అడిగి ఈరోజే చెప్పు. గడువు తెలిస్తే వాళ్లు తట్టుకుంటారు. తెలివొచ్చినా మతిమరుపు, కోపం, అలసట చాలాకాలం ఉండొచ్చని కూడా ముందే చెవిన వెయ్యి. లేకపోతే ఇంటికెళ్లాక మనిషి మారిపోయాడని భార్య కుమిలిపోతుంది.

శుక్రవారం సాయంత్రానికి 72 గంటలు నిండుతాయి. నువ్వు శనివారం పొద్దున చూడు, ఈఈజీ అప్పటికి తీయించి పెట్టుకో. ఆ అబ్బాయికీ వాళ్లమ్మకీ శనివారం పదకొండింటికి కూర్చుందామని ఇవాళే చెప్పు. మీ సీనియర్‌తో వాదన పెట్టుకోకు, మత్తు ఆపిన టైమూ క్రియాటినిన్ అంకే కేస్ షీట్లో రాసి ఆయన ముందు పెట్టు. శుక్రవారం రాత్రి ఎంత పొద్దుపోయినా నాకు ఫోన్ చెయ్యి, మేలుకునే ఉంటాను.

మీ పెదనాన్న