అక్టోబర్ సెమిస్టర్‌కి జర్మనీకి మాస్టర్స్‌కి వెళ్తున్నాను, ఏ బ్యాంకులో అకౌంట్ తెరవాలి?

మీరు అడిగినవి రెండు. వీసా కోసం ఏడాది ఖర్చుల డబ్బు ముందే వేసి ఉంచే బ్లాక్డ్ అకౌంట్ ఉండగా ఇంకో అకౌంట్ ఎందుకు అన్నది ఒకటి, తెరవక తప్పకపోతే ఆన్‌లైన్ బ్యాంకా, బ్రాంచి ఉన్న బ్యాంకా అన్నది రెండోది.

మొదటిదానికి జవాబు చిన్నదే. వీసా కోసం మీరు వేసిన డబ్బు, అంటే 2024 సెప్టెంబర్ నుంచి ఏడాదికి 11,904 యూరోలు, అందులో తాళం వేసినట్టు ఉంటుంది. నెలకి 992 యూరోలు మాత్రమే బయటికి వదులుతారు, అవి కూడా మీ పేరున ఉన్న మామూలు అకౌంట్‌లోకే. దాన్ని అక్కడ గిరోకొంటో అంటారు. అది లేకపోతే మీ డబ్బే మీ చేతికి రాదు.

రెండోదాంట్లో నేను బాగా దెబ్బతిన్నాను, అందుకే వివరంగా రాస్తున్నా. యాప్ బాగుందని, చార్జీలు లేవని ఒక ఆన్‌లైన్ బ్యాంకుకి అప్లై చేశాను. వీడియో కాల్‌లో పాస్‌పోర్టు చూపిస్తే చాలనుకున్నా, తీరా చూస్తే నా పాస్‌పోర్టుకి అది కుదరదన్నారు, కాగితం ప్రింటు తీసుకుని పోస్టాఫీసుకి వెళ్లి అక్కడ గుర్తింపు చూపించి రమ్మన్నారు. సరే, ఒక రోజు పోయింది, దానికేం బాధ లేదు. అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. కార్డు ఒక ఉత్తరంలో, పిన్ ఇంకో ఉత్తరంలో పోస్టులో పంపుతారు. అక్కడి అడ్రస్‌లో చాలాచోట్ల ఫ్లాట్ నంబర్ ఉండదు, పోస్ట్‌మ్యాన్ డబ్బా మీద పేరు చూసే ఉత్తరం వేస్తాడు. నేను డబ్బా మీద అతికించుకున్న చీటీలో అందరూ పిలిచే పేరు రాశాను, ఉత్తరం మీదేమో ఇంటిపేరు ఉంది. ఆ పేరు మనిషి ఇక్కడ లేడని రెండు ఉత్తరాలూ వెనక్కి పోయాయి. మళ్లీ పంపించుకునేసరికి మూడు వారాలు పట్టింది, ఆ నెల అద్దె రూమ్మేట్ దగ్గర అప్పు తీసుకుని కట్టాను. ఆ మూడు వారాల టెన్షన్ మీకు వద్దు. గదిలో దిగిన రోజే పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే డబ్బా మీదా, కాలింగ్ బెల్ మీదా రాసి అతికించండి.

నా మాట అడిగితే, మొదటి అకౌంట్ అక్కడ మీరు ఉండే ఊళ్లో బ్రాంచి ఉన్న బ్యాంకులోనే తీసుకోండి. ఏదైనా ఆగిపోతే వెళ్లి ఎదురుగా కూర్చుని అడగొచ్చు. భాష రాని మొదటి రెండు నెలల్లో అది చాలా పెద్ద ధైర్యం. స్పార్కాస్సే అనే స్థానిక పొదుపు బ్యాంకుల లాంటివి చిన్న ఊళ్లలో కూడా ఉంటాయి. చాలా బ్యాంకులు విద్యార్థులకి నెలవారీ చార్జీ తీసుకోవు, కానీ ఏ వయసు వరకు అన్నది బ్యాంకుని బట్టి మారుతుంది, కాబట్టి మాస్టర్స్‌కి వెళ్లేవాళ్లు అది ముందే అడగాలి. గిరోకార్డ్, అంటే జర్మనీ బ్యాంకుల సొంత డెబిట్ కార్డు, ఇస్తారా అని కూడా అడగండి. కొన్ని చిన్న దుకాణాల్లో, ఆఫీసుల్లో అది గానీ నగదు గానీ తప్ప వేరే కార్డు తీసుకోరు, ఆన్‌లైన్ బ్యాంకులు కొన్ని దాన్ని ఇవ్వవు, లేదా విడిగా డబ్బులు తీసుకుంటాయి. డిస్పో అనే ఓవర్‌డ్రాఫ్ట్, అంటే అకౌంట్‌లో ఉన్నదానికంటే ఎక్కువ వాడుకోనిచ్చే అప్పు, ఇస్తామంటే వద్దనండి, దాని మీద వడ్డీ ఏడాదికి పది శాతం దాటడం మామూలే.

ఐబాన్, అంటే యూరప్‌లో వాడే పొడుగాటి అకౌంట్ నంబర్, జర్మనీని సూచించే డీఈతో మొదలయ్యే అకౌంట్ అయితే మంచిది. యూరప్‌లో వేరే దేశపు ఐబాన్‌ని కాదనకూడదని నియమం ఉంది, నిజమే, కానీ పార్ట్‌టైమ్ ఉద్యోగం దొరికిన మొదటి రోజే జీతాల సెక్షన్ వాళ్లతో నియమాల గురించి వాదించాలని ఎవరికి ఉంటుంది చెప్పండి. డబ్బు భద్రత గురించి మాత్రం కంగారు పడకండి, బ్యాంకు మూతబడినా ఒక్కొక్కరికి లక్ష యూరోల వరకు చట్టం ప్రకారం రక్షణ ఉంది.

ఇన్సూరెన్స్, ఫోన్ బిల్లు లాంటివి వాళ్లే నేరుగా మీ అకౌంట్ నుంచి లాగుతారు. లాగే రోజుకి డబ్బు లేకపోతే అది వెనక్కి పోయి, పైన చార్జీ పడుతుంది. ఎవరైనా తప్పుగా లాగితే 8 వారాల లోపు బ్యాంకుకి చెప్పి వెనక్కి తెప్పించుకోవచ్చు, ఇది చాలామందికి తెలియక వదిలేస్తున్నారు.

ఒకవేళ బ్యాంకు మీకు అకౌంట్ ఇవ్వనంటే బేసిస్‌కొంటో కావాలని, ఆ మాటే వాడి అడగండి. చట్టబద్ధంగా ఉంటున్నవాళ్లకి ఆ ప్రాథమిక ఖాతా 2016 నుంచి హక్కు. చార్జీ కాస్త ఉండొచ్చు, పని మాత్రం ఆగదు.

బ్రాంచికి వెళ్లేటప్పుడు పాస్‌పోర్టు, యూనివర్సిటీ ఇచ్చిన ఎన్‌రోల్‌మెంట్ కాగితం, అడ్రస్ నమోదు కాగితం పట్టుకెళ్లండి. ఆ నమోదుకి, అంటే అన్‌మెల్డుంగ్‌కి, ఇంటి ఓనరు సంతకం చేసిన కాగితం కావాలి, అది గది తాళాలు తీసుకునేటప్పుడే అడిగి పుచ్చుకోండి. మీరు అక్టోబర్ సెమిస్టర్‌కి అంటున్నారు, సెప్టెంబర్ చివర అందరూ ఒకేసారి దిగుతారు, అందుకని అడ్రస్ ఖాయమైన రోజే ఆ నమోదుకి ఆన్‌లైన్‌లో అపాయింట్‌మెంట్ పెట్టేసుకోండి.