మన ఊరి పుస్తకం రాయాలనుకున్న అమ్మాయికి

కడప

చిరంజీవి అమ్మాయికి,

పెదనాయన దీవెనలు. మన ఊరి మీద పుస్తకం రాస్తానని ఉత్తరం రాశావు. దాని కిందనే, ‘ఈ రోజుల్లో పుస్తకం ఎవరు చదువుతారు, ఊరి ఫోటోలూ వీడియోలూ అందరి ఫోన్లలో ఉన్నాయి కదా అని మా ఆఫీసులో అంటున్నారు’ అని కూడా రాశావు. ఆ రెండో మాట నీ మనసులో నాటుకోకముందే జవాబు రాద్దామని కూర్చున్నాను. రాయి. తప్పకుండా రాయి. ప్రొద్దుటూరు ప్రెస్సుల్లో ప్రూఫులు దిద్దుతూ బతికినవాణ్ని, సొంతంగా నాలుగు పుస్తకాలు వేసుకున్నవాణ్ని. ఎందుకు రాయాలో, ఎలా రాయాలో నాకు తెలిసినంత చెప్తాను.

2020లో గండికోట జలాశయంలో నీళ్లు పెంచినప్పుడు కొండాపురం మండలంలో ఖాళీ అయిన ఊళ్లలో మనదీ ఒకటి. ఆ రోజుల వీడియోలు నా దగ్గరా ఉన్నాయి. మిద్దెలు పడగొట్టుకుని దూలాలూ బండలూ ట్రాక్టర్లకు ఎత్తుకోవడం కనిపిస్తుంది. ఏ మిద్దె ఎవరిదో అందులో తెలియదు. వంటింటి మీద గవాచి ఎందుకు పెట్టారో తెలియదు. పడమటి వీధిలో పెళ్లయితే తూర్పు వీధివాళ్లు ఏం మోసుకుపోయేవాళ్లో తెలియదు. చూసిన మనకు తెలుసు కాబట్టి వీడియోలో అన్నీ ఉన్నట్టు అనిపిస్తుంది. నీ కూతురికి చూపించు, నీళ్లూ గోడలూ తప్ప ఏమీ కనిపించవు.

తాళ్లపాక అన్నమయ్య సంగతి నీకు చెప్పాలి. ఆయన పాటల్ని ఆయన వంశంవాళ్లు రాగిరేకుల మీద చెక్కించారు. తిరుమల గుడిలో ఒక అరలో ఆ రేకులు కొన్ని వందల ఏళ్లు ఉండిపోయాయి. 20వ శతాబ్దంలో బయటికి తీసి అచ్చు వేశారు. అంతకాలం తర్వాత కూడా ఆ సాహిత్యం మన చేతికి అందింది. పాటల మీద రాగం పేరు కూడా ఉంది. ఆ రాగంలో పాట ఎలా నడిచేదో మాత్రం లేదు. అప్పట్లో పాడేవాళ్లు కళ్లెదుటే ఉన్నారు, దాన్ని కూడా చెక్కాలా అనుకుని ఉంటారు. బాణీలు పోయాయి. మన అనంతపురం జిల్లాలో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు కూర్చుని ఎన్నో పాటలకు కొత్తగా బాణీలు కట్టాల్సి వచ్చింది. ఆ కట్టడం గొప్పదే, నేను ఆ పాటలు విని కళ్లనీళ్లు పెట్టుకున్నవాణ్ని. అయినా అన్నమయ్య నోట అవి ఎలా పలికాయో ఇక ఎవరికీ తెలియదు.

నువ్వు రాసేటప్పుడు ఇది మనసులో పెట్టుకోవాలమ్మా. అందరికీ తెలిసిందే కదా అని వదిలేసేదే అన్నిటికంటే ముందు పోతుంది. గుడి ఎవరు కట్టారు, ఇనాం ఎవరిచ్చారు అన్న సంగతులు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. కంపెనీ దొర మెకంజీ మనుషులు రెండు వందల ఏళ్ల కింద ఊరూరా తిరిగి రాయించుకున్న ఊళ్ల చరిత్రల్లో, అంటే కైఫీయత్తుల్లో, కడప జిల్లావి ఇక్కడి బ్రౌన్ గ్రంథాలయంవాళ్లు సంపుటాలుగా తెచ్చారు. కేతు విశ్వనాథరెడ్డి గారు జిల్లాలోని ఊళ్ల పేర్ల మీదే పరిశోధన చేశారు. మొదలుపెట్టకముందు ఒక వారం సెలవు పెట్టి వచ్చి ఆ గ్రంథాలయంలో కూర్చో. చదివాక, వాళ్లు రాయనిది ఏమిటో చూసుకో. అదే నీ పుస్తకం.

ఎండాకాలం పెన్నేట్లో చెలమ ఎక్కడ తవ్వాలో ఎవరు చెప్పేవాళ్లు? మొదటి బిందె ఎవరిది? సంగటి ఎంత గట్టిగా కెలికేవాళ్లు, దాంట్లోకి ఊరిబిండి రోట్లో నూరితే ఎట్లా ఉండేది? పీర్ల పండగలో ఏ పీరును ఎవరు ఎత్తుకునేవాళ్లు, గుండానికి కట్టెలు ఎవరింటి నుంచి వచ్చేవి? కరువు ఏడు పశువుల్ని ఎవరికి అప్పజెప్పి వలసపోయాం, వాళ్లు తిరిగి ఇచ్చారా? ఇవి రాయి. ఇవి చిన్న విషయాలని నీకు ఎవరైనా చెప్తే నమ్మకు.

ఇంకో మాట, దీన్ని నువ్వు పట్టించుకోవాలని గట్టిగా కోరుకుంటున్నాను. ఊరంటే మన వీధి అనుకోకు. మన ఇంట్లో నువ్వు విన్న ఊరు ఒకటి. మాదిగవాడలోని ముసలమ్మను అడిగితే వేరే ఊరు చెప్తుంది. అదే బావి, అదే రచ్చకట్ట, అదే పండగ, కానీ నిలబడిన చోటు వేరు. ఆమె చెప్పింది వింటే నీకు కొన్నిచోట్ల తల దించుకోవాలనిపిస్తుంది. దించుకునే రాయి, తీసెయ్యొద్దు. మన పెద్దవాళ్లకు మాట వస్తుందని మెత్తబరిచి రాస్తే, చదివినవాళ్లలో ఒక్కరైనా ‘ఇది మా ఊరు కాదు’ అంటారు. అప్పుడు పుస్తకం ఉండీ లేనట్టే. ఆడవాళ్ల పేర్లు కూడా రాయి. ‘ఫలానావాళ్ల కోడలు’ అని కాదు, సొంత పేరుతో. పాతవాటిలో ఆ పేర్లు వెతికితే ఎంత కష్టంగా దొరుకుతాయో నువ్వే చూస్తావు.

ముసలివాళ్ల దగ్గరికి ముందు వెళ్లు, ఇప్పుడే వెళ్లు. పునరావాస కాలనీల్లో ఉన్నవాళ్లతో మొదలుపెట్టు, తర్వాత పిల్లల దగ్గరికి వెళ్లిపోయినవాళ్లు. ‘ఊరి గురించి చెప్పవ్వా’ అంటే ఎవరూ చెప్పరు, ‘ఏముంది నాయనా, బాగుండేది’ అని ఊరుకుంటారు. ‘మీ ఇంటి కానుపులకు మంత్రసాని ఎవరు?’ అని అడుగు. ‘కపిల తోలేటప్పుడు ఏ పాట పాడేవాళ్లు?’ అని అడుగు. అప్పుడు చూడు, భోజనం వేళ దాటినా ఆపరు. ఫోన్లో రికార్డు చేసుకో, వాళ్లకు చెప్పి చేసుకో. అదే రోజు రాత్రి నోటుబుక్కులో ఎక్కించు, వారం ఆగితే వాళ్ల మాట పోయి నీ మాట వస్తుంది. ఒకే సంగతిని ఇద్దరు రెండు రకాలుగా చెప్తే రెండూ రాయి.

ఇక భాష. ఉత్తరంతో పాటు పంపిన రెండు పేజీలు చదివాను. ‘మా గ్రామ ప్రజలు ప్రధానంగా వర్షాధార వ్యవసాయంపై ఆధారపడి జీవించేవారు’ అని రాశావు. అది ఏ ఊరైనా కావచ్చు. మన ఊరు కావాలంటే ‘వాన పడిన ఏడు జొన్న, పడని ఏడు బెంగళూరు బస్సు’ అని రాయి. నువ్వు ఇంట్లో మాట్లాడేది అట్లాగే కదా. మడక, గుంటక, గొర్రు, వంక, కొట్టం, ఈ మాటలు మన ఊళ్లో వాడినట్టే వాడు, కింద అర్థాలు ఇవ్వొద్దు. చదివేవాళ్లు తెలివైనవాళ్లు, సందర్భాన్ని బట్టి అందుకుంటారు. 1956లో విద్వాన్ విశ్వం గారు ‘పెన్నేటి పాట’ కావ్యం అచ్చు వేస్తే, పెన్న ముఖం చూడనివాళ్లు కూడా సీమ కరువును చదివారు. ఆయన ఏటిని దాచలేదు, వాళ్ల కోసం మార్చలేదు.

ఫోన్లో ముక్కలు ముక్కలుగా రాసి పెడితే చాలదా అన్నావు. రాసుకో, తప్పేం లేదు, చిత్తుప్రతికి పనికొస్తుంది. కానీ నూట అరవై పేజీలు ఒక వరసలో పెట్టాలంటే నీకు తెలియనిది ఎక్కడుందో బయటపడుతుంది. మూడో అధ్యాయంలో బావి ఎండిందని రాస్తే, ఏడో అధ్యాయంలో నీళ్లు ఎక్కడ తోడుకున్నారో చెప్పాలి. ముక్కల్లో ఆ ప్రశ్న రాదు. చదివేవాళ్లకూ అంతే. ముక్క చదివినవాడు ‘బాగుంది’ అని ఇంకో దాని మీదికి పోతాడు. పుస్తకం చేతిలోకి తీసుకున్నవాడు రెండు సాయంత్రాలు మన ఊళ్లో ఉంటాడు. ఒక మనిషి సాయంత్రాలు రెండు మనకివ్వడం తక్కువ సంగతా?

పుస్తకం ఎందుకు నిలుస్తుందో కూడా చెప్తాను, నాకు దీని మీద గట్టి నమ్మకం ఉంది. ఇంగ్లీషు దొర బ్రౌన్ 1820లో కడపకు వచ్చాడు. ఇక్కడ బంగళా కొన్నాడు, పండితులకు జీతాలిచ్చి పాత ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్చి కొత్తగా రాయించాడు. వేమన పద్యాలు 1829లో అచ్చుకెక్కించాడు. తాటాకు కట్ట ఒక ఇంట్లో ఉండేది. ఆ ఇంటికి చెదలు పట్టినా, నిప్పంటుకున్నా, వారసులు ఏట్లో కలిపినా అంతటితో సరి. అదే అచ్చు పడితే ఒకే మాట మద్రాసులోనూ ఉంటుంది, లండన్‌లోనూ ఉంటుంది, ఒకచోట పోయినా ఇంకోచోట దొరుకుతుంది. ఆ బంగళా ఉన్నచోట గ్రంథాలయం నిలబడటానికి జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఎంత తిరిగారో కడపవాళ్లందరికీ తెలుసు. ఒక మనిషి పుస్తకాల కోసం జీవితం ఖర్చు పెడితే, ఆ పుస్తకాలు ఇంకో మనిషి చేత పని చేయిస్తాయి.

కంప్యూటర్ ఫైలు మాత్రం నమ్మదగ్గది కాదా అంటావు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ చేసిన పాత ఫైళ్లు మన ప్రెస్సుల్లో ఎన్నో ఉన్నాయి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు తప్ప ఒక్క తెలుగు అక్షరం కనబడదు. అదే ఫైలు నుంచి అచ్చయిన పుస్తకం తీసి వెలుగులో పట్టుకుంటే చాలు, చదువుకోవచ్చు. అందుకే నువ్వు ఏ కంప్యూటర్‌లోనైనా కనబడే యూనికోడ్‌లో టైపు చేసి ఒక ప్రతి దాచు, పుస్తకమూ వెయ్యి. రెండూ ఉండాలి.

రాయడం అయిపోయాక మెచ్చుకునేవాళ్ల దగ్గరికి పోవద్దు. మన కడపలోనే రాచమల్లు రామచంద్రారెడ్డి గారు ఉండేవారు. 1968లో ‘సంవేదన’ పత్రిక మొదలుపెట్టారు. పెద్దపెద్దవాళ్ల రాతల్ని కూడా మొహమాటం లేకుండా తూచి చెప్పేవారు. అలాంటి మనిషిని ఒకరిని వెతుక్కో. బంధువులు వద్దు, నేను కూడా చాలను. ‘ఈ అధ్యాయం తీసెయ్’ అని చెప్పగలిగినవాళ్లు కావాలి. తీసెయ్యమన్న చోట ఒక రాత్రి బాధపడు, పొద్దున్నే తీసెయ్.

అచ్చు పని త్వరగా చెప్తాను, మిగతాది నువ్వు వచ్చినప్పుడు. డెమీ సైజు, అంటే మామూలు పుస్తకం సైజు పెట్టుకో. పదహారు పేజీలు ఒక ఫారం అవుతుంది కాబట్టి పేజీలు ఆ లెక్కన సరిపెట్టుకుంటే కాగితం వృథా కాదు. యూనికోడ్ నుంచి డీటీపీవాళ్లు తమ ఫాంట్‌లోకి మార్చేటప్పుడు ఒత్తులు తారుమారవుతాయి, ఆ ప్రూఫ్ మాత్రం అక్షరం అక్షరం చూడాలి. ఒకరు రాతప్రతి పైకి చదవాలి, ఇంకొకరు ప్రూఫ్ మీద వేలు పెట్టి చూడాలి. ఒంటరిగా దిద్దితే కన్ను తనకు తెలిసిందే చదువుకుంటూ పోతుంది. ఉత్త గమ్ బైండింగ్ వద్దు, మన ఎండలకు గమ్ ఎండి పగిలి పేజీలు ఊడిపోతాయి. ఫారాలు కుట్టి బైండ్ చెయ్యమని అడుగు, కాస్త ఎక్కువైనా ఇవ్వు. ఐఎస్‌బీఎన్‌కు ఎవరికీ డబ్బు ఇవ్వొద్దు, పుస్తకానికి ఇచ్చే ఆ గుర్తింపు సంఖ్య మన దేశంలో ఉచితం, నువ్వే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అప్పు చేసి మాత్రం వెయ్యొద్దు. వెయ్యి కాపీలు వేసి అటక మీద పెట్టుకునే బదులు మూడు వందలు వేయించు, అయిపోతే మళ్లీ వేయించుకోవచ్చు.

ఆ మూడు వందలూ ఎక్కడికి పోవాలో ముందే రాసి పెట్టుకో. ఊరి నుంచి వచ్చిన ప్రతి కుటుంబానికీ ఒకటి, అమ్మకం కాదు, ఇచ్చెయ్. నీకు మాటలు చెప్పిన ముసలివాళ్లకు నువ్వే తీసుకుపోయి వాళ్ల పేరున్న పేజీ చదివి వినిపించు. బ్రౌన్ గ్రంథాలయానికీ, జిల్లా కేంద్ర గ్రంథాలయానికీ, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు గ్రంథాలయాలకూ ఇవ్వు. 1954 నాటి చట్టం ప్రకారం కలకత్తాలోని జాతీయ గ్రంథాలయానికీ, చెన్నైలోని కన్నెమరా గ్రంథాలయానికీ, ఢిల్లీ, ముంబైలకూ ఒక్కో కాపీ పంపాలి. చాలామంది పంపరు. నువ్వు పంపు, స్పీడ్ పోస్టులో పంపి రసీదులు దాచుకో. మన ఊళ్లో కాపీలన్నీ చిరిగిపోయిన రోజు కూడా కలకత్తాలో ఒకటి ఉంటుంది. ఆవిష్కరణ సభకు హాలూ శాలువాలూ వద్దు, పునరావాస కాలనీలో వేపచెట్టు కింద పెట్టు, ఆ డబ్బుతో ఇంకో యాభై కాపీలు వస్తాయి.

నీకు చిన్న వయసని భయపడుతున్నట్టున్నావు. పుట్టపర్తి నారాయణాచార్యుల వారు కుర్రతనంలో రాసిన కావ్యం, తర్వాత ఆయన కూర్చున్న విద్వాన్ పరీక్షకే పాఠ్యపుస్తకంగా వచ్చింది. నువ్వు ఊరు వదిలేనాటికి పెద్దదానివే, అన్నీ చూశావు, మరిచిపోయేంత కాలం ఇంకా కాలేదు. రాయడానికి ఇంతకంటే మంచి వయసు లేదు.

మొదటి అధ్యాయం చెలమల మీద రాయి, అది నీకు బాగా తెలుసు. పేజీకి ఒక పక్కే రాసి, కుడివైపు నాలుగు వేళ్ల మార్జిన్ వదిలి పంపు. ఎర్ర పెన్ను నా దగ్గర ఉంది. మీ నాయనతో మాట్లాడి, మాదిగవాడ ముసలమ్మ ఇప్పుడు ఏ కాలనీలో ఉందో కనుక్కుని ఫోన్ చేస్తాను. వచ్చే ఆదివారం వీలైతే రా, ఇద్దరం కలిసి వెళదాం.

ఇట్లు,
నీ పెదనాయన