చచ్చిపోవచ్చు గాని చేతకానివాళ్ళు కాకూడదు

మిత్రమా,

మీరు పంపిన ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆట (బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా, పాచికలు వేస్తూ నడిపే కథల ఆట) రూల్‌బుక్ రాతప్రతి మొత్తం చదివాను. మీ వాక్యం శుభ్రంగా ఉంది, మ్యాపులు బాగున్నాయి. ఆ సంగతి ఇంతటితో వదిలేసి, నాకు ఒళ్ళు మండిన చోటికి వస్తాను. మూడో అధ్యాయం చివర మీరు నమూనాగా రాసిన ఆట ఘట్టంలో, పదేళ్ళు కొలిమి దగ్గర పనిచేసిందని మీరే చెప్పిన కమ్మరి అమ్మాయి విరిగిన తలుపు గడియను బాగుచేయబోతుంది. ఆమె కమ్మరం నైపుణ్యం 35 శాతం. నూటిలోపు అంకె చెప్పే పాచికల మీద 35 గాని అంతకు తక్కువ గాని పడితేనే పని జరిగినట్టు, పడింది మాత్రం 71. సుత్తి ఆమె బొటనవేలి మీద పడిందని ఆట నడిపే గేమ్ మాస్టర్ ప్రకటిస్తాడు, బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వుతారు. ఆ పాత్రను తయారుచేసుకున్న ఆటగాడు మాత్రం ఆ తర్వాత రెండు పేజీలపాటు నోరు విప్పలేదు. రాసింది మీరే అయినా, ఆ మౌనాన్ని మీరు గమనించినట్టు లేదు.

మొదలుపెట్టే పాత్రలకు ఎంత బలం ఉండాలని అడిగారు. మీరు బలాన్ని ఒకే కొలబద్దతో కొలుస్తున్నారని రాతప్రతి చూస్తేనే తెలుస్తోంది. పాత్ర ఎంత దెబ్బకు ఓర్చుకోగలదో చెప్పే హిట్ పాయింట్లు తగ్గించిన చేత్తోనే నైపుణ్యాల శాతాలనూ కోసుకుంటూ పోయారు. పాత్ర ఎంత తేలిగ్గా చనిపోతుందన్నది ఒక సంగతి, తనకు వచ్చునని చెప్పుకున్న పనిని ఎంత నమ్మకంగా చేయగలదన్నది పూర్తిగా వేరే సంగతి. మొదటిదాన్ని మీ ఇష్టం వచ్చినంత తగ్గించుకోండి, నాకు అభ్యంతరం లేదు. రెండోదాని జోలికి మాత్రం పోవద్దు. ఈ మాట చెప్పి చెప్పి ఎంతమందికి విసుగు పుట్టించానో లెక్కలేదు, ఇప్పుడు మీ వంతు వచ్చింది.

కొత్త పాత్ర అంటే ఇంకా పని నేర్చుకుంటున్న కుర్రాడన్న అపోహ ఆట పుట్టినప్పుడు లేదు. 1971లో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెర్రెన్ రాసిన ‘చెయిన్‌మెయిల్’ యుద్ధక్రీడ నియమాల్లో ఒక వీరుడు నలుగురు సైనికుల పెట్టు. 1974లో గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ తెచ్చినప్పుడు ఆ వీరుడి హోదా, అనుభవంతో పాత్ర ఎక్కే మెట్లలో, అంటే లెవెల్స్‌లో, నాలుగోదానికి చేరిన యోధుడికి దక్కింది. అంటే మొదటి లెవెల్ యోధుడు ఒక సైనికుడికి సమానం, ఆ మాటకొస్తే ఒక పిసరు ఎక్కువే. కత్తి పట్టడం తెలిసినవాడే, కాకపోతే నలుగురు చుట్టుముడితే నిలవలేడు.

ప్రాణం విషయానికొస్తే ఆ పాత ఆట నిజంగానే నిర్దాక్షిణ్యమైనది. 1981 నాటి బేసిక్ సెట్‌లో యోధుడికి ఎనిమిది ముఖాల పాచిక, మాంత్రికుడికి నాలుగు ముఖాల పాచిక వేసి హిట్ పాయింట్లు నిర్ణయిస్తారు. అవి సున్నాకు దిగితే చావే. ఆరు ముఖాల పాచికతో నష్టం లెక్కించే దెబ్బ ఒక్కటి తగిలితే, ఇతర సవరణలేవీ లేనప్పుడు, మాంత్రికుడు పోయే అవకాశం నూటికి 75, యోధుడు పోయే అవకాశం దాదాపు 44. అంత పెళుసు మాంత్రికుడి దగ్గర రోజుకు ఒకే ఒక్క మంత్రం ఉంటుంది. అది నిద్రపుచ్చే ‘స్లీప్’ మంత్రం అయిందంటే మాత్రం, అతను నోరు తెరిచినంతలో ఒక గోబ్లిన్ల గుంపు, తప్పించుకునే పాచిక కూడా వేసుకోకుండానే, నేలకొరుగుతుంది. రోజంతా యోధుల వీపుల వెనక నక్కి, ఆ ఒక్క మంత్రాన్ని ఈ గదిలో వదలాలా, వచ్చే గదికి దాచుకోవాలా అని మథనపడే ఆటగాణ్ణి చూడండి. చావు అతని పక్కనే ఉంది. అయినా ఆ బల్ల దగ్గర అతనికంటే ముఖ్యుడు లేడు.

ఆ చావును ఆటగాళ్ళు ఎందుకు సహించారో కూడా ఆలోచించండి. ఆరు సామర్థ్యాలకు పాచికలు వేసి, యోధుడో మాంత్రికుడో క్లాస్ ఎంచుకుని, సామాన్లు కొనుక్కుంటే పాత్ర సిద్ధం. పోయినవాడి బదులు మరొకడు కాసేపట్లో అదే గదిలోకి దిగుతాడు. మీ పుస్తకంలో పాత్ర తయారీకి పదకొండు మెట్లున్నాయి, తొమ్మిదో మెట్టు నాలుగు పేజీల గతచరిత్ర. అలా రాయించిన చరిత్రల్లో ఒకడు సరిహద్దు యుద్ధంలో ముగ్గురు దళపతులను ఒంటిచేత్తో మట్టికరిపించాడు. వాడికి మీరిచ్చిన హిట్ పాయింట్లు మూడు. మొదటి గదిలోనే ఎలుక కరిచి పోయాడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ! చరిత్ర రాయించదలిస్తే దానికి తగ్గ ప్రాణం ఇవ్వండి, ప్రాణం ఇవ్వడానికి చేతులు రాకపోతే చరిత్రను ఒక్క వాక్యానికి కుదించండి. 2012లో వచ్చిన ‘డంజన్ క్రాల్ క్లాసిక్స్’ ఈ లెక్కను చివరిదాకా తీసుకెళ్ళింది. ఒక్కో ఆటగాడు సున్నా లెవెల్ మనుషులను కొందరిని వెంటేసుకుని దిగుతాడు, బతికి బట్టకట్టినవాళ్ళే మొదటి లెవెల్‌కు చేరతారు. వాళ్ళ గతచరిత్ర ఆ మొదటి ఆటే.

ఇక చేతకానితనం సంగతి. 1986 నాటి ‘వార్‌హామర్ ఫాంటసీ రోల్‌ప్లే’ అంటే నాకు చాలా ఇష్టం. ఎలుకలు పట్టేవాణ్ణి సాహసానికి పంపిన ఆట అది, ఫేట్ పాయింట్లతో చావును వాయిదా వేసిన తీరు కూడా చక్కనిది. అయితే అందులో మనిషి కత్తి సామర్థ్యం 20కి రెండు పది ముఖాల పాచికలు కలిపితే వచ్చేది, అంటే దెబ్బ తగిలే అవకాశం సగటున నూటికి 31. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి గాలిని నరుక్కుంటూ అరగంట గడిపిన పోరాటాలకు నేను సాక్షిని. చావుకు విరుగుడు కనిపెట్టారు గాని, చేతకానితనాన్ని అలాగే ఉంచారు. అదే ఏడాది వచ్చిన ‘గర్ప్స్’ ఆటలో పని జరగాలంటే మూడు పాచికల మొత్తం నైపుణ్యపు అంకెను మించకూడదు. వృత్తిగా చేసేవాడికి 12 ఉంటుందనుకుంటే, నూటికి 74 సార్లు పని జరుగుతుంది. అంతరిక్షపు ఆటే అయినా 1977 నాటి ‘ట్రావెలర్’ను తప్పక చదవండి. అందులో పాత్ర తయారవుతుండగానే చనిపోవచ్చు, కానీ బయటపడ్డవాడు ఏళ్ళ తరబడి కొలువు చేసి, పని తెలిసినవాడై ఆటలోకి వస్తాడు. నేను చెబుతున్నదానికి అంతకంటే మంచి ఉదాహరణ లేదు.

మీ కూలిన వంతెన ఘట్టంలో వరుసగా మూడు పాచికలు గెలవాలన్నారు. 35 శాతంతో మూడూ గెలిచే అవకాశం నూటికి నాలుగు. 80 శాతం ఇచ్చినా 51 మాత్రమే. మీరు ఒక్కో పాచికను విడిగా చూశారు, వరుసను చూడలేదు. శాతాలు పెంచడం ఇష్టం లేకపోతే పాచికలు వేయించే సందర్భాలు తగ్గించండి. పని వచ్చినవాళ్ళు ఆ పని చేస్తారు, అందులో అనుమానం వద్దు. కాపలావాడు వచ్చేలోగా అది పూర్తవుతుందా అన్నదానికి పాచిక వేయించండి.

ఇంత పట్టుదల నాకు ఊరికే రాలేదు. నా తొలి పుస్తకం తీసుకున్న సంస్థలో ఎడిటరు, మొదటి సాయంత్రమే పాత్రలు చస్తే పుస్తకం అమ్ముడుపోదని, నాతో మాట మాత్రమైనా అనకుండా హిట్ పాయింట్లు రెట్టింపు చేశాడు. అక్కడితో ఆగక, సమతూకం పేరుతో రాక్షసులవీ రెట్టింపు చేసి, ఆయుధాల దెబ్బలను మాత్రం ఉన్నచోటే ఉంచాడు. చకచకా ముగియాలని నేను కూర్చిన మొదటి పోరాటం ఎంతకీ తెమలని జీళ్ళపాకమైంది. అట్ట మీద పేరు నాది కాబట్టి తిట్లూ నాకే వచ్చాయి. ఆ పుస్తకానికి మలిముద్రణ లేదు, ఆ తర్వాత చాలాకాలం ఇతరుల పుస్తకాలకు రాక్షసుల పట్టికలు రాసి పొట్టపోసుకున్నాను. బలమంటే అంకెలు పెద్దవి కావడమేనన్న ఎడిటర్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళ పుణ్యమా అని ప్రతి కొత్త పాత్రా జోస్యంలో పేరున్న దైవాంశ సంభూతుడే. వాళ్ళకు పోటీగా, తమ బల్ల దగ్గర ఎందరు చచ్చారో చెప్పుకుని మీసం మెలేసే పాతకాలపు భక్తులు మరోవైపు తయారయ్యారు. మీ రాతప్రతి మీద వీళ్ళ నీడ పడింది.

మూడో లెవెల్ నుంచి మొదలుపెట్టవచ్చా అన్నారు. నిక్షేపంగా పెట్టవచ్చు. 1991లో వచ్చిన ‘డార్క్ సన్’ ఎడారి లోకంలో పాత్రలు అక్కడి నుంచే మొదలయ్యాయి. మహాబలులతో మొదలుపెట్టడంలోనూ తప్పులేదు. 1987లో జోనథన్ ట్వీట్, మార్క్ రైన్-హేగన్ తెచ్చిన ‘ఆర్స్ మ్యాజికా’లో మాంత్రికులు మొదటి నుంచీ ఉద్దండులే. సమతూకం కోసం వాళ్ళను కుదించకుండా, ఒకే ఆటగాడు ఒక కథలో మాంత్రికుడిగా, మరో కథలో మాంత్రికుల కాపలా సైనికుడిగా ఆడే ఏర్పాటు చేశారు. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 2014 కూర్పు రాజీ మార్గం పట్టింది: మాంత్రికుడికి ఎన్నిసార్లయినా వాడుకునే చిన్న మంత్రాలు ఇచ్చింది, సున్నాకు దిగినవాణ్ణి సాధారణంగా వెంటనే చంపలేదు, రెండో లెవెల్‌ను 300 అనుభవ పాయింట్ల దగ్గర, మూడోదాన్ని 900 దగ్గర పెట్టి ఆ పెళుసు దశను త్వరగా దాటించింది. నా అభిరుచికి ఆ తొందర ఎక్కువే, కానీ ఏ పాత్రా తన పని తాను చేయలేక నవ్వులపాలు కాదు.

మంత్రదండాల ధరల గురించి, బొమ్మలు వేసేవాళ్ళ గురించి అడిగినవాటికి ఈ ఉత్తరంలో చోటు లేదు. ఇరవై లెవెల్ల పట్టికలు పక్కన పెట్టండి. వృత్తి నైపుణ్యాలను 75కు పెంచి, హిట్ పాయింట్లు మూడే ఉంచి, మొదటి సాహసాన్ని మీకు బొత్తిగా మొహమాటం లేని నలుగురితో ఆడించండి. ఎవరైనా చనిపోతే, ఆ ఆటగాడు కొత్త పాత్రతో తిరిగి రావడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. పావుగంట దాటితే ముందు తొమ్మిదో మెట్టు తీసేసి, మళ్ళీ ఆడించి, ఆ తర్వాతే నాకు పంపండి.

మీ శ్రేయోభిలాషి