పిక్చర్ పోస్ట్‌కార్డు రాకముందు బొమ్మల ఉత్తరాలు ఉండేవా?

బ్రిటన్‌లో పిక్చర్ పోస్ట్‌కార్డులు లేని రోజుల్లో సముద్రతీరానికి విహారానికి వెళ్ళినవారు అక్కడి బొమ్మలను ఇంటికి ఎలా పంపేవారని అడిగారు. ఉత్తరం రాసే కాగితం మీదే బొమ్మ ఉండేది. మధ్యకు మడిచిన కాగితంలో మొదటి పుట పైభాగాన ఆ ఊరి దృశ్యం అచ్చయి ఉండేది. దాని కింద మొదలుపెట్టి మిగిలిన పుటల నిండా కబుర్లు రాసేవారు.

ఈ బొమ్మల కాగితాలు విరివిగా అమ్ముడవడానికి అసలు కారణం తపాలా రుసుము తగ్గడమేనని నా అభిప్రాయం. కాగితాల సంఖ్యను, దూరాన్ని బట్టి వసూలు చేసిన కాలంలో, కవరు కూడా మరో కాగితం కిందే లెక్కకు వచ్చేది కనుక, రాసిన వరుసల మీదుగా అడ్డంగా మళ్ళీ రాసి మరీ చోటు మిగుల్చుకునేవారు. (ఇన్‌లాండ్ లెటర్ మడత అంచులను కూడా వదలని మనవాళ్ళకు ఈ పొదుపు కొత్తేమీ కాదు.) 1840 జనవరిలో అర ఔన్సు ఉత్తరం దేశంలో ఎక్కడికైనా ఒక్క పెన్నీకే చేరడం మొదలయ్యాక, పుటలో కొంత భాగాన్ని బొమ్మకు వదిలినా ఎవరికీ దుబారా అనిపించలేదు. బొమ్మను చెక్కి అచ్చువేసే రాగి పలక కంటే ఎక్కువ ప్రతులకు ఓర్చుకునే ఉక్కు పలకల వల్ల అచ్చు కూడా చౌకయింది. 1841లో లండన్ నుంచి రైలు వచ్చిన బ్రైటన్ వంటి సముద్రతీరపు ఊళ్ళలో కొనేవారికీ కొదవ లేదు. లండన్‌లోని రాక్ అండ్ కంపెనీ ఇటువంటి దృశ్యాలను ఊరూరికీ చెక్కించి, వాటికి సంఖ్యలు వేసి అమ్మేది.

నేను బ్రైటన్‌లో ఉన్నప్పుడు, 1896 తుఫానులో కూలిపోయిన చెయిన్ పియర్ (గొలుసులతో వేలాడదీసి సముద్రంలోకి కట్టిన నడక వంతెన) బొమ్మ ఒకటి పాత సామాన్ల సంతలో కొన్నాను. విడి చిత్రమని చెప్పి, అట్టకు బిగించి ఇచ్చారు. ఇంటికి వచ్చి అట్ట విప్పితే, వెనక గోధుమరంగుకు తిరిగిన సిరాలో సగం సగం వాక్యాలు, ఎవరికో దగ్గు ఇంకా తగ్గలేదన్న సమాచారం కనిపించాయి. బొమ్మ కోసం ఉత్తరాన్ని కత్తిరించేశారు! ఆ దగ్గు ఎవరిదో ఇక తెలిసే దారి లేదు. అప్పటి నుంచి ముందుగా మడత ఉందో లేదో, వెనక రాత ఉందో లేదో చూశాకే బేరం ఆడుతున్నాను. అయితే ఇవే దృశ్యాలను పుస్తకాలుగా కుట్టి కూడా అమ్మేవారు కనుక, వెనక ఖాళీగా ఉన్న ప్రతి బొమ్మనూ కత్తిరించిన ఉత్తరంగా అనుమానించనక్కరలేదు.

1894 సెప్టెంబరులో ప్రైవేటు ముద్రాపకుల పోస్ట్‌కార్డులను తపాలాబిళ్ళ అంటించి పంపడానికి అనుమతించాక కూడా బొమ్మల ఉత్తరాల పాత అలవాటు కొన్నాళ్ళు సాగింది. 1902 వరకు ఒక వైపు చిరునామాకే కేటాయించడంతో, రెండో వైపు బొమ్మ పక్కన మిగిలిన చోటులోనే క్షేమసమాచారం ఇరికించవలసి వచ్చేది.