మూతి మీద కొట్టొద్దు తల్లీ

చి. చిట్టికి, పెద్దమ్మ ఆశీస్సులు.

కుక్కపిల్లను తెచ్చుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. ఒక ప్రాణిని సాకాలనుకున్నందుకు గర్వంగా ఉంది. కానీ ఇంట్లో మూడేళ్ల బుజ్జిగాడున్నాడే అని మనసు పీకి, వెంటనే రాస్తున్నాను.

ఎనిమిది వారాలు నిండందే తల్లి నుంచి విడదీయొద్దు. తోడబుట్టినవాటితో కలబడుతూనే ఎంత కొరికితే నొప్పో తెలుసుకుంటుంది. అప్పటికుండేవి 28 పాలపళ్లు, సూదుల్లా దిగుతాయి. నాలుగో నెల నుంచి అవి రాలి, ఏడో నెలకల్లా 42 గట్టిపళ్లు వస్తాయి. ఆ మధ్యలో చిగుళ్లు సలుపుతాయి. క్యారెట్టో, తడిపి మెలిపెట్టిన గుడ్డో ఫ్రీజర్‌లో పెట్టి నమలనివ్వు. ఉడికిన ఎముకలు వద్దు, చీలి గొంతులో గుచ్చుకుంటాయి.

ఆటలో చేతికి పళ్లు తగిలితే చెయ్యి లాక్కోకు. లాగేకొద్దీ ఎగబడుతుంది, చర్మం గీరుకుపోతుంది. చెయ్యి వదులుగా ఉంచి, మాట్లాడకుండా లేచి తలుపవతలికి వెళ్లు. అర నిమిషం చాలు. వచ్చి బొమ్మ అందించు. మళ్లీ కొరికిందా, మళ్లీ లే. రోజుకు ఇరవైసార్లయినా సరే. కెవ్వుమని అరిస్తే కొన్ని తగ్గుతాయి, కొన్నింటికి ఇంకా హుషారు. అల్లుడుగారు చేతులతో కుస్తీ పట్టారంటే నువ్వు నేర్పిందంతా గంగపాలు.

మన ఇళ్లలో తరాలుగా చేసే తప్పు ఒకటుంది. మూతి మీద కొట్టడం, నోరు నొక్కిపట్టడం. కొన్ని దాన్నే ఆటనుకుని రెచ్చిపోతాయి. కొన్ని బెదిరిపోతాయి, చెయ్యి దగ్గరకొస్తేనే ముడుచుకుంటాయి. గుర్రుమన్నప్పుడల్లా దెబ్బ పడితే గుర్రుమనడం మానేస్తుంది, భయం మాత్రం పోదు. అలాంటిది ఒకరోజు హెచ్చరించకుండానే కరుస్తుంది. ఆ ఎదురుగా ఉండేది బుజ్జిగాడైతే? అందుకే ఇంతగా చెబుతున్నాను, ఒక్క దెబ్బ కూడా వద్దు.

సాయంత్రం పిచ్చిగా కొరుకుతుంటే చాలాసార్లు నిద్ర చాలలేదని అర్థం. రోజుకు 18 గంటలైనా పడుకోవాలి. దాని చోట పడుకోబెట్టు. బుజ్జిగాడినీ దాన్నీ పెద్దవాళ్లు లేకుండా ఒకచోట వదలకు. మీదికి దూకితే పరిగెత్తకుండా చేతులు కట్టుకుని నిలబడమని వాడికి నేర్పు.

పన్ను దిగి రక్తం వస్తే, కుక్కపిల్లే కదా అనుకోకు. ధారకింద సబ్బుతో 15 నిమిషాలు కడుగు. పసుపూ కారం పెట్టకుండా ఆరోజే డాక్టరుకు చూపించు. దానికి మూడో నెల నిండగానే రేబిస్ టీకా వేయించి, ఆ సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ